తుపానుకు ముందే ఇంట్లో సిద్ధం చేసుకోవాల్సినవి: వాడలోని కుటుంబాలకు ఒక ప్రణాళిక

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. దాదాపు 10 వేల మంది చనిపోయారు. పూరిపాకల్లో బతికే కూలీలు, మత్స్యకారుల కుటుంబాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత హెచ్చరికల వ్యవస్థ చాలా మెరుగుపడింది. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లలో ప్రాణనష్టం అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ. అయితే మన వాడలు చాలాచోట్ల ఇంకా పల్లంలోనే, మురుగు కాలువల పక్కనే ఉన్నాయి. ప్రాణం దక్కించుకున్న కుటుంబానికి ఆ తర్వాత మరో ప్రమాదం ఎదురవుతుంది. అది నష్టపోయినవారి జాబితాలో పేరు లేకపోవడం. అందుకే ఇంటి ప్రణాళికలో ఈ రెండింటికీ చోటుండాలి.

హెచ్చరికను అర్థం చేసుకోవడం

వాతావరణ శాఖ తుపాను గురించి దశలవారీగా చెబుతుంది. తీరంలో వాతావరణం చెడడానికి కనీసం 48 గంటల ముందు ఇచ్చే అప్రమత్తతకు పసుపు రంగు, 24 గంటల ముందు ఇచ్చే హెచ్చరికకు నారింజ రంగు. తీరం దాటడానికి 12 గంటల ముందు ఎరుపు రంగు వస్తుంది. పసుపు చూసిన రోజే సామాను సర్దాలి. నారింజ నాటికి ముసలివాళ్లను, గర్భిణులను, పసిపిల్లలను, వికలాంగులను పక్కా భవనంలోకి చేర్చాలి. గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుపాను పోయిందనుకుని బయటికి రావద్దు. తుపాను కన్ను పైనుంచి వెళ్తున్నప్పుడు అలాగే ఉంటుంది. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది.

ఎక్కడికి, ఎవరితో

వానాకాలానికి ముందే ఒక ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి. వెళ్లాల్సిన భవనం ఏది? కాలువ పొంగితే వేరే దారి ఉందా? కూలికో, చదువుకో పొరుగూరు వెళ్లినవాళ్లు ఎవరికి ఫోన్ చేయాలి? పునరావాస కేంద్రానికి వాడ నుంచి దారి ఊరి మధ్యగా ఉంటే, ఆ కేంద్రంలో మనవాళ్లను ఎలా చూస్తారో పెద్దవాళ్లకు ముందే తెలుసు. ఆ అనుభవాన్ని పక్కన పెట్టకండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దళితులు శిబిరాల్లోనూ, సాయం పంపిణీలోనూ వివక్ష ఎదుర్కొన్న సంగతి నమోదైంది. మన పాఠశాల భవనం గట్టిదైతే దాన్నే కేంద్రంగా ప్రకటించమని పంచాయతీకి, తహసీల్దారుకు ముందుగానే రాసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

సంచిలో ఏముండాలి

మనిషికి రోజుకు కనీసం 3 లీటర్ల చొప్పున మూడు రోజులకు తాగునీరు, అటుకులు, మరమరాలు, బెల్లం, రోజూ వేసుకునే మందులు, టార్చి, నెలసరి బట్టలు, ఛార్జ్ చేసిన ఫోన్, చిల్లర డబ్బు. విరేచనాలు మొదలైతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగించాలి. ఇక్కడ చెంచా అంటే తలకొట్టిన టీ చెంచా.

కాగితాలే అసలు ఆస్తి

మా అమ్మ పట్టా కాగితం బియ్యం డబ్బాలో దాచేది. ఒక వరదలో బియ్యంతో పాటు అదీ నానిపోయింది. మళ్లీ నకలు తెచ్చుకోవడానికి ఎన్ని రోజుల కూలి పోయిందో ఆమె ఇప్పటికీ చెబుతుంది. ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం, ఇంటి పట్టా, బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు, పిల్లల మార్కుల జాబితాలు గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. అన్నిటినీ ఫోటో తీసి ఊరి బయట ఉన్న బంధువుకు పంపండి. డిజీలాకర్‌లో దొరికే పత్రాలకు చట్టం ప్రకారం అసలు పత్రాలతో సమానమైన విలువ ఉంది. కౌలుకు చేస్తుంటే కౌలు కార్డు తప్పనిసరిగా దగ్గరుంచుకోండి. అది లేకపోతే మునిగిన పంట పరిహారం భూయజమాని ఖాతాకు చేరే అవకాశం ఎక్కువ.

తుపానుకు ముందు ఇల్లు, పశువులు, సామాను కనిపించేలా ఫోటోలు తీయండి. తర్వాత అదే చోట నిలబడి మళ్లీ తీయండి. నష్టం రాసుకోవడానికి సిబ్బంది వచ్చినప్పుడు ఇంట్లో ఒకరు ఉండాలి. అందరూ కూలికి వెళ్లాల్సి వస్తే పక్కింటివాళ్లకు ఫోటోలు, కాగితాల నకళ్లు అప్పగించండి. జాబితాను పంచాయతీలో చదివించుకోండి. పేరు లేకపోతే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి.

చట్టం ఏం చెబుతోంది

విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 61వ సెక్షన్ సాయం, పరిహారం అందించడంలో కులం ఆధారంగా వివక్ష చూపడాన్ని నిషేధిస్తుంది. మంచినీటి దగ్గరో, ఉమ్మడి స్థలంలోనో దళితులను కులం పేరుతో అడ్డుకుంటే అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. తేదీ, సమయం, అక్కడున్నవారి పేర్లు వెంటనే రాసుకోండి.

గోడ మీద రాసుకోవాల్సిన నంబర్లు: అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూంకు 1070, అత్యాచారాలపై ఫిర్యాదుకు 14566.

చదువుకునే పిల్లలున్న ప్రతి వాడలో ఈ పని ఒక్క సాయంత్రంలో మొదలుపెట్టొచ్చు. ముందుగా ఒంటరి మహిళల ఇళ్లకు, కదల్లేని ముసలివాళ్లున్న ఇళ్లకు వెళ్లి వాళ్ల కాగితాలు ఫోటో తీయండి.