రాత్రి తెరిచి ఉన్న దవాఖానా

1998 చలికాలం. మా అబ్బా ఇషా నమాజ్ చదివొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నారు. "గ్యాస్ అయ్యుంటది బేటా" అన్నారు. అమ్మీ వాము నీళ్లు కాచి ఇచ్చింది. పదిన్నరకి అబ్బాకి చెమటలు మొదలయ్యాయి. నేను సైకిలెక్కి, మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. షట్టర్ దించేసి ఉంది. సాయంత్రం తొమ్మిది దాకానే చూస్తారని బోర్డు మీద రాసుంది. అక్కణ్ణుంచి కాంపౌండర్ ఇంటికి, ఆ తర్వాత మందుల షాపతని ఇంటికి పోయాను. షాపతను రెండు గోలీలిచ్చి "పొద్దున్నే తీస్కపోండి" అన్నాడు. మేమూ అదే అనుకున్నాం. సుబహ్ అయితే డాక్టర్ వస్తాడు, అప్పటిదాకా ఓపిక పడదాం అని.

ఫజర్ అజాన్ కన్నా ముందే అబ్బా వెళ్లిపోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇరవై ఏళ్లు దాటినా నన్ను తొలుస్తున్న మాట ఒకటుంది. ఆ రాత్రి మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో సర్కారీ దవాఖానా తెరిచే ఉంది. డ్యూటీ డాక్టరూ ఉన్నాడు. కానీ అది మా ఇంట్లో ఒక్కరికీ యాదికి రాలేదు. సర్కారీ దవాఖానా అంటే టీకాలు, కాన్పులు, పోస్ట్‌మార్టం అనే ఖయాల్‌లోనే ఉన్నాం. అక్కడికి తీసుకెళ్తే అబ్బా బతికేవారా అన్నది అల్లాహ్‌కే తెలుసు. కానీ కోషిష్ చేయడం మా జిమ్మేదారీ. అది మేం చేయలేదు.

అప్పట్నుంచి చరిత్ర పుస్తకాలు తిరగేసినప్పుడల్లా నేను ఒకటే వెతుకుతుంటాను. రాత్రిపూట బీమార్ వస్తే చూడాలని, దానికోసం ఒక తబీబ్ మేలుకుని ఉండాలని మొదట ఎవరు అనుకున్నారు?

దొరికిన జవాబుల్లో పాతది బగ్దాద్‌ది. పదో శతాబ్దం చివర్లో బువైహీ పాలకుడు అజుదుద్దౌలా అక్కడ పెద్ద బీమారిస్తాన్ కట్టించాడు. బీమారిస్తాన్ అంటే ఫారసీలో రోగులుండే చోటు. అందులో పనిచేసిన జిబ్రాయీల్ అనే ఈసాయీ తబీబ్‌కి వారంలో రెండు పగళ్లు, రెండు రాత్రులు వంతు ఉండేదని అరబ్బీ తబీబుల చరిత్రల్లో రాసుంది. ఇవాళ మనం నైట్ డ్యూటీ అంటున్నది అదే. వెయ్యేళ్ల కిందటి మాట.

తర్వాత కైరో. 1284లో మమ్లూక్ సుల్తాన్ ఖలావూన్ మన్సూరీ బీమారిస్తాన్ నిర్మాణం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన జబ్బుపడ్డప్పుడు దమిష్క్‌లోని నూరుద్దీన్ బీమారిస్తాన్ మందులతో నయమైందని, తానూ అలాంటిది కట్టిస్తానని అప్పుడు మొక్కుకున్నాడని చెబుతారు. జ్వరాలకి, కళ్లకి, శస్త్రచికిత్సకి వేర్వేరు గదులుండేవి. అమీర్ అయినా గరీబ్ అయినా, మగవాళ్లయినా ఆడవాళ్లయినా అక్కడ ఇలాజ్ దొరికేది. ఖర్చంతా వక్ఫ్ ఆస్తుల ఆమ్‌దనీ నుంచి వచ్చేది. రోగి జేబు వైపు చూడకుండా తలుపు తెరిచి ఉంచాలంటే ఆ ఖర్చు ఎవరో ఒకరు ముందే భరించాలి. ఆ రోజుల్లో వక్ఫ్ భరించింది. ఇవాళ మనందరి పన్నుల డబ్బు భరిస్తోంది.

ఆ రివాజే మన దక్కన్‌కీ వచ్చింది. హైదరాబాద్ కట్టిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో మూసీ దగ్గర దారుష్షిఫా కట్టించాడు. మధ్యలో సహన్, చుట్టూ రెండంతస్తుల్లో గదులు. రోగులు అక్కడే ఉండి యూనానీ వైద్యం చేయించుకునేవారు. వైద్యం నేర్చుకునేవాళ్లకి అదే మద్రసా. కాలక్రమంలో దవాఖానా పోయి పేరు మిగిలింది. ఇవాళ బస్సు దిగుతూ "దారుష్షిఫా, దారుష్షిఫా" అనే మనలో ఎంతమందికి అది షిఫా దొరికే ఇల్లని తెలుసు?

ఊళ్లలో మాత్రం హకీం సాబ్ మతబే దిక్కు. పగలంతా నబ్జ్ పట్టి చూసేవారు. రాత్రి ఏమన్నా అయితే లాంతరు పట్టుకుని ఆయన ఇంటి తలుపు కొట్టాల్సిందే. ఆయన మంచివాడైతే లేచొచ్చేవాడు, ఊళ్లో లేకపోతే దువానే. అంటే ఒక మనిషి మంచితనం మీద రాత్రంతా ఆధారపడేది. 1998లో నేను షట్టర్ కొట్టింది కూడా ఆ పాత అలవాటుతోనే.

హైదరాబాద్‌లో ఐదో నిజాం పేరున అఫ్జల్‌గంజ్ దవాఖానా ఉండేది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదకి అది దెబ్బతింది. దవాఖానా ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. తర్వాత ఏడో నిజాం కాలంలో, విన్సెంట్ ఎష్ గీసిన నక్షా ప్రకారం, మూసీ ఒడ్డునే ఉస్మానియా దవాఖానా లేచింది. తెలంగాణ జిల్లాల నుంచి అర్ధరాత్రి జీపుల్లో, లారీల్లో ఎంతమంది అక్కడి క్యాజువాలిటీ గడప తొక్కారో లెక్కలేదు.

అయితే తలుపు తెరిచి ఉంటే చాలదు, లోపలికి రానివ్వాలి కూడా. బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ 1992 జులై 8 రాత్రి రైల్లోంచి పడ్డాడు. తలకి పెద్ద దెబ్బ. ఒక సర్కారీ దవాఖానా నుంచి ఇంకోదానికి తిప్పారు. ఒకచోట సౌకర్యం లేదన్నారు, ఇంకోచోట మంచం ఖాళీ లేదన్నారు. చివరికి కలకత్తాలో ప్రైవేటు ఆస్పత్రిలో సొంత డబ్బుతో ఇలాజ్ చేయించుకున్నాడు. ఆయన తరఫున కూలీల సంఘం సుప్రీంకోర్టుకెళ్లింది. 1996లో తీర్పొచ్చింది. ప్రాణం మీదికొచ్చినవాడికి సర్కారీ దవాఖానా సకాలంలో వైద్యం చేయకపోతే అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని కాలరాయడమేనని కోర్టు చెప్పింది. 25,000 రూపాయల పరిహారం ఇమ్మంది. అంతకుముందే, 1989లో, పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడాలని, సర్కారీ అయినా ప్రైవేటు అయినా ప్రతి డాక్టర్‌కీ అది ఫర్జ్ అని అదే కోర్టు తేల్చింది. రాత్రిపూట ఎవరైనా మిమ్మల్ని గేటు దగ్గర ఆపితే ఈ హక్కు యాదిలో పెట్టుకోండి.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. నేనప్పుడు పత్రికలో కొత్త. ఆ వార్త నా డెస్క్ మీదికే వచ్చింది. ఏ ఫోన్ నుంచైనా ఉచితం, బండిలోనే ఆక్సిజన్, తర్ఫీదు పొందిన మనిషి అని రాస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఏడేళ్ల కిందట ఇది ఉంటే, నేను సైకిలెక్కే బదులు ఫోన్ తిప్పేవాణ్ణి కదా! తర్వాత ఎన్నో రాష్ట్రాలు ఇదే నంబరు తీసుకున్నాయి.

కానీ నంబరున్నా మన అలవాటు మారలేదు. మొన్న రంజాన్‌లో సహరీ వేళ మా ఖాలాకి మూతి ఒక పక్కకి పోయింది, మాట తడబడింది. దమ్ చేయించాలని ఒకరు, పొద్దున్నే డాక్టర్ దగ్గరికని ఇంకొకరు. నేను చేరేసరికి నలభై నిమిషాలు పోయాయి. దువా చేద్దాం, బండిలో కూర్చుని చేద్దాం అన్నాను. పక్షవాతంలో గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు. అదీ తలకి సీటీ స్కాన్ తీశాకే. అందుకే ఆ మిషన్ లేని దగ్గరి నర్సింగ్‌హోం కన్నా, అది ఉన్న పెద్ద దవాఖానాయే నయం. అల్‌హమ్దులిల్లాహ్, ఖాలా ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తోంది.

ఛాతీ నొప్పితో చెమటలు, మూతి వంకర, ఊపిరాడకపోవడం, ఆగని రక్తం, ఫిట్స్, పాముకాటు: వీటికి సుబహ్ దాకా ఆగకండి. 108కి చెయ్యండి, లేదా 112కి. మామూలు జ్వరానికో, మందు డోసు గురించిన షక్కుకో 104 ఉంది.

మా ఇంట్లో నమాజ్ టైముల క్యాలెండర్ పక్కన ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంటుంది. ఈ నంబర్లు, రాత్రంతా తెరిచి ఉండే దగ్గరి దవాఖానా పేరు, అమ్మీ రోజూ వేసుకునే గోలీల పేర్లు, మా ఇంటికి గుర్తుగా గల్లీ చివరి మస్జిద్ పేరు. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాశాను. ఎందుకంటే ఆ రాత్రి ఫోన్ చేసేది ఎవరో మనకి తెలియదు. పద్దెనిమిదేళ్ల పిల్లాడే కావచ్చు.