గినీ నుంచి లైసెన్సు దాకా: హైదరాబాద్ ప్రాంతంలో మేలురకం వేట తుపాకుల విలువ, పరిణామం

హైదరాబాద్ నగరానికి దక్షిణాన ఉన్న తుక్కుగూడ, శంషాబాద్ ప్రాంతాల్లో నేడు ధర అనగానే గజం భూమి వెల గుర్తుకు వస్తుంది. ఆసఫ్‌జాహీల కాలంలో ఈ పరిసరాల స్వరూపం వేరు. నగరాన్ని చుట్టి ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా నిజాం సొంత ఆదాయానికి ఉద్దేశించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూభాగం. శంషాబాద్ పేరులో పాయిగా ప్రభువుల ‘షంసుల్ ఉమ్రా’ బిరుదు నేటికీ వినిపిస్తుంది. 1975లో జింకల వనంగా మారిన వనస్థలిపురంలోని అడవి అంతకుముందు నిజాం వేటభూమి. ఆదిలాబాద్, వరంగల్ అడవుల్లో పెద్దపులి వేటకు రైఫిలు కావాలి. నగరం చుట్టూ ఉన్న బీళ్లలో, చెరువుగట్ల మీద కౌజుకూ బాతుకూ కావలసింది ఛర్రా తుపాకి. సంస్థాన వేటచరిత్ర రాసినవారి దృష్టి ఎక్కువగా పులి మీదే నిలిచినందువల్ల ఈ రెండో ఆయుధం ఆర్థిక చరిత్ర మరుగున పడింది.

పన్నెండు బోరు అనే మాటకు అర్థం తూకంలో ఉంది. ఒక పౌను సీసంతో సమానమైన పన్నెండు గుండ్లు పోస్తే, వాటిలో ఒక గుండు వ్యాసమే గొట్టం లోపలి వ్యాసం. అయితే వెలను నిర్ణయించేది బోరు కాదు, పనితనం. 1875లో బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్‌లీ రిచర్డ్స్ సంస్థలో ఆన్సన్, డీలీలు రూపొందించిన బాక్స్‌లాక్ యంత్రాంగం తయారీని సులభం చేసింది. 1880లో ఫ్రెడరిక్ బీస్లీ రూపొందించిన స్వయంగా తెరుచుకునే యంత్రాంగాన్ని పర్డీ సంస్థ స్వీకరించింది. ఉత్తమ శ్రేణి లండన్ తుపాకి వందల గంటల చేతిపనితో తయారయ్యేది. దాని ధరను పౌండ్లలో కాక 21 షిల్లింగుల గినీలలో చెప్పేవారు.

గినీలలో చెప్పిన ధర దక్కను చేరేసరికి రూపాయిగా మారాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. గణన కోసం 60 గినీల తుపాకిని ఉదాహరణగా తీసుకోవచ్చు. రూపాయి రెండు షిల్లింగులకు దగ్గరగా ఉన్న 1870ల ఆరంభంలో దాని వెల సుమారు 630 రూపాయలు. వెండి ధర పడిపోతూ, 1890ల మధ్యలో రూపాయి 13 పెన్నీలకు దిగినప్పుడు అదే తుపాకికి దాదాపు 1160 రూపాయలు చెల్లించాలి. 1893లో బ్రిటిష్ ఇండియా టంకశాలలు వెండి నాణేల స్వేచ్ఛా ముద్రణను ఆపివేయడం, తరువాత మారకం రేటు ఒక షిల్లింగు నాలుగు పెన్నీల వద్ద స్థిరపడడం వల్ల ఆ వెల 945కు తగ్గింది. 1927లో రేటును ఒక షిల్లింగు ఆరు పెన్నీలుగా నిర్ణయించడంతో 840 అయింది. లండన్‌లో ఒక్క పెన్నీ మారకపోయినా ఇక్కడ ఇంత హెచ్చుతగ్గు సాధ్యమన్నమాట. ఇవి బ్రిటిష్ ఇండియా రూపాయలు. నిజాం ఉస్మానియా సిక్కా ఏడు రూపాయలు బ్రిటిష్ రూపాయలు ఆరింటికి సమానం కాబట్టి, ఆ 840 సంస్థాన నాణెంలో 980 అవుతుంది. ఒక పాత బిల్లు దొరికినా అందులోని అంకె ఏ రూపాయిదో తేల్చుకోకుండా ధర పెరిగిందనో తగ్గిందనో అనడం తొందరపాటే.

సాంకేతిక మార్పు మరొక వైపు నుంచి దెబ్బ తీసింది. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికి చేసిన డమాస్కస్ గొట్టాల మీది అలల నగిషీ ఒకప్పుడు మేలురకానికి గుర్తు. పొగరాని మందుగుండు వాడుకలోకి వచ్చాక అదే నగిషీ అనుమానానికి తావిచ్చింది. నల్లమందుకు మాత్రమే పరీక్షించిన గొట్టం కొత్త తూటా ఒత్తిడికి నిలుస్తుందన్న హామీ లేదు. ఏకఖండ ఉక్కు గొట్టాల ముందు డమాస్కస్ చిన్నబోయింది. అందం అలాగే ఉంది, వెల దిగింది.

తెలంగాణ సాయుధ పోరాట కాలం ఈ లెక్కలన్నింటినీ పక్కకు నెట్టింది. రైతు దళాల చేతుల్లో మొదట ఉన్నవి ఎక్కువగా గొట్టం మూతి నుంచి మందు దట్టించే బర్మార్లు. అటువంటివారికి దొర గడీలో దొరికే డబుల్ బ్యారెల్ తుపాకి మీది చెక్కడంతోగానీ, తయారుచేసిన సంస్థ పేరుతోగానీ పనిలేదు. అది వెంటవెంటనే రెండుసార్లు పేలుతుంది, అంతే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. వేటను పోషించిన ఆదాయం దానితో ఎండిపోయింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తరువాత వేటే నేరమైంది.

వాడుక పోయిన వస్తువు ధర పడిపోవాలి. కానీ 1980ల మధ్యలో దిగుమతుల మీద నిషేధం రావడంతో, అప్పటికే దేశంలో ఉన్న విదేశీ తుపాకులు అరుదైన సరుకయ్యాయి. వాటి గిరాకీకి పనితనం కన్నా కొరతే పెద్ద కారణమైంది. ఇంతలో చట్టం మరో వైపు నుంచి బిగిసింది. 1959 ఆయుధ చట్టానికి 1983లో చేసిన సవరణ ఒక వ్యక్తికి మూడు ఆయుధాల పరిమితి పెట్టగా, 2019 సవరణ దానిని రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవీ ఈ లెక్కలోనివే. మిగిలినదాన్ని ఏడాదిలోగా పోలీసులకో లైసెన్సు ఉన్న వ్యాపారికో అప్పగించాలి. గడువు ముంచుకొచ్చినవాడు అడిగే ధర ధర కాదు. తాత తుపాకి ఎంత గొప్పదైనా మనవడికి అది వదిలించుకోవలసిన బరువుగా మారే స్థితి ఇది.

లండన్‌లో నేడు కొత్త పర్డీ తుపాకి లక్ష పౌండ్లు దాటింది. చారిత్రక వ్యక్తి పేరు తోడైతే విలువకు హద్దే లేదు. శ్రీరంగపట్నంలో తయారైన టిప్పు సుల్తాన్ వేట తుపాకి 2015లో లండన్ వేలంలో ఏడు లక్షల పౌండ్లకు పైగా పలికింది. హైదరాబాద్ వారసునికి ఆ విపణి అందదు. నూరేళ్లు నిండిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తి దానిని శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఎగుమతి చేయలేడు. ఈ నిషేధం సమంజసమే. దేశంలోనే దానికి తగిన కొనుగోలుదారు గానీ, ప్రభుత్వ సేకరణ విధానం గానీ లేకపోవడమే లోటు. సాలార్‌జంగ్ మ్యూజియం వంటి చోట్లకు చేరిన ఆయుధాలు నిలిచాయి. ఇళ్లలో ఉన్నవి ఎన్నికల ప్రకటన వెలువడినప్పుడల్లా పోలీసు స్టేషన్‌కు వెళ్లి, నెలల తరబడి నూనె తుడుపు లేకుండా గోడకు ఆని ఉంటాయి. తిరిగి వచ్చిన తుపాకిని కొనదలచినవారు మొదట చూసేది వెండి నగిషీని కాదు, గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి లోపలి తుప్పును.