మల్ల ఎందుకు రావాలె?

పల్లె దవాఖాన వరండాలో బెంచీ మీద జరిగి మీకూ చోటిచ్చారు. పక్కన పది మంది దాకా ఆడవాళ్లు. బీపీ పట్టీ చుట్టించుకోవడానికి, షుగర్ కోసం వేలు గుచ్చించుకోవడానికి ఎవరికీ పేచీ లేదు. ఏఎన్ఎం లోపలి గదికి పరదా లాగి "రొమ్ము పరీక్ష ఉన్నది, ఒక్కొక్కరు రాండ్రి" అనగానే బెంచీ సగం ఖాళీ. ఒకామెకు పొయ్యి మీది పప్పు గుర్తొచ్చింది, ఇంకొకామెకు కైకిలి.

గేటు దాకా వెళ్లిన పెద్దావిడ చెయ్యి పట్టుకుంది ఆశా కార్యకర్త.

"పోయినసారి చూసిన్రు గద బిడ్డా. ఏం లేదన్నరు. మల్ల ఎందుకు?"

"ఆనాడు లేదు పెద్దమ్మా. ఇయ్యాలటి సంగతి ఎట్ల తెలుస్తది?"

మొదటిసారి సిగ్గు అడ్డొస్తుంది. రెండోసారి ఆ "ఏం లేదు" అన్న మాటే అడ్డొస్తుంది. నన్నడిగితే, ఒకసారి రప్పించడం కన్నా మళ్లీ రప్పించడమే కష్టం.

పెద్దావిడ గొణుక్కుంటూనే లోపలికి నడిచింది. తోడుగా మీరూ వెళ్లారు. ఏఎన్ఎం ఆమెను కూర్చోబెట్టి రెండు రొమ్ములూ పరికించింది. చర్మం ఎక్కడైనా లోపలికి లాగిందా, చనుమొన తీరు మారిందా అని. తర్వాత పడుకోబెట్టి, మూడు వేళ్ల మెత్తటి భాగంతో చుట్టూ నొక్కుతూ సంక దాకా వెళ్లింది. యంత్రం లేదు, సూది లేదు. గడ్డ తగిలితే పెద్ద దవాఖానకు రాస్తారు. ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు.

ఆ వేళ్ల పని చిన్నదేం కాదు. ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో లక్షన్నర మంది మహిళలతో అధ్యయనం మొదలుపెట్టారు. అందులో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి, నాలుగు విడతలుగా చేత్తోనే పరీక్ష చేశారు. 2021లో వెలువడిన ఫలితాల్లో, యాభై దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తక్కువగా కనిపించాయి. యాభై లోపువారిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే, "మల్ల ఎందుకు?" అని గేటు దాటబోయిన పెద్దమ్మలకే ఎక్కువ మేలు.

మన దేశంలో 30 దాటిన మహిళలకు అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలన్నది నియమం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30-49 ఏళ్లవారిలో ఒక్కసారైనా చేయించుకున్నవారు 0.9 శాతం.

మీ ఇంట్లో యాభై దాటిన తల్లో అత్తో ఉంటే, పరీక్ష ఉన్న రోజు వెంట వెళ్లండి. మధ్యలో గడ్డ తగిలితే మాత్రం వచ్చే విడత దాకా ఆగొద్దు.