ఈస్టరు గంప: దాని చరిత్ర, మన మెట్ట సీమలో దాని స్థానము

పునరుత్థాన పండుగనాడు బిడ్డల చేతికి ఏదో ఒకటి ఇవ్వవలెనన్న కోరిక ప్రతి సంఘములోను ఉన్నది. అది మంచి కోరికయే. అయితే ఇటీవలి సంవత్సరములలో ఈ కోరికకు ఒక కొత్త రూపము వచ్చినది. బెంగళూరులో పనిచేయు తలిదండ్రులు పండుగకు ఊరికి వచ్చునప్పుడు రంగు కాగితము చుట్టిన చాక్లెట్ గ్రుడ్లను, ప్లాస్టిక్ బుట్టలను, కుందేలు బొమ్మలను తెచ్చుచున్నారు. తేలేని ఇండ్ల బిడ్డలు గుడి వాకిట నిలిచి వాటిని చూచుచున్నారు. కళ్యాణదుర్గము వంటి కరువు సీమలో ఇది చిన్న విషయము కాదు. ఆ బుట్ట కొనుటకు అప్పు చేయు ఇండ్లు కూడ ఉన్నవి.

"అయ్యగారూ, ఈ గంప మన వేదములో ఉన్నదేనా? మిఠాయి లేకుంటే పండుగ కొరత పడుతుందా?" అని తల్లులు మమ్ము అడుగుట కద్దు. ఈ రెండు ప్రశ్నలకు వేదము కొంత, సంఘ చరిత్ర కొంత, మన నేల కొంత జవాబు చెప్పుచున్నవి. వాటిని క్రమముగా పరిశీలింతము.

వేదములోని గంపలు

ఈస్టరు గంప అన్న మాట వేదములో లేదు. కాని గంపలు అనేకము ఉన్నవి. అయిదు వేలమందికి ఆహారము పెట్టిన తరువాత మిగిలిన ముక్కలు పన్నెండు గంపలకు ఎత్తినారు. నాలుగు వేలమందికి పెట్టినప్పుడు ఏడు గంపలు నిండినవి. మూల గ్రీకు భాషలో ఈ రెండు గంపలకు రెండు వేరు వేరు మాటలున్నవి. మొదటిది కోఫినోస్, మనిషి చేతపట్టుకొని పోవు బుట్ట. రెండవది స్ఫురిస్, పెద్ద గంప. దమస్కు గోడమీదనుండి పౌలును దింపిన గంపకు అపొస్తలుల కార్యములు వాడిన మాట ఈ రెండవదే. మార్కు సువార్త 8వ అధ్యాయములో ప్రభువు ఈ రెండు సంగతులను శిష్యులకు జ్ఞాపకము చేయునప్పుడు కూడ ఏ గంపకు ఆ మాటనే వాడినాడు.

ఆ పన్నెండు గంపలలో ఉన్నది కొని తెచ్చిన సరుకు కాదు. ఒక పిల్లవాడు ఇచ్చిన యవల రొట్టెలలో అందరు తిన్న తరువాత మిగిలినది. ఆ దేశములో గోధుమ కలిగినవారి తిండి. యవలు పేదల తిండి. మన సీమలో వరి అన్నమునకును రాగి సంకటికిని ఉండిన తేడా వంటిదే అది. పేదవాని తిండి అందరికి చాలినది, ఏమియు పారవేయకుండ ఎత్తిపెట్టినారు. గంపను గురించి వేదము నేర్పు మొదటి పాఠము ఇదియే.

గ్రుడ్డు ఎట్లు వచ్చినది?

ఇక సంఘ చరిత్రను చూతము. లెంటు దినములలో మాంసముతోబాటు గ్రుడ్లు, వెన్న, జున్ను మానుట పూర్వపు ఆచారము. క్రీ.శ. 692లో కాన్‌స్టాంటినోపులులో కూడిన త్రుల్లో సభ తన 56వ కట్టడలో లెంటు కాలమందు గ్రుడ్లను, జున్నును తినరాదని నిర్ణయించినది. మనుష్యులు ఉపవాసముండిరి కాని కోళ్లు ఉపవాసముండలేదు. నలభై దినములు పెట్టిన గ్రుడ్లు ఇంటింట పోగైనవి. పండుగనాటికి వాటిని ఉడికించి, రంగు పూసి, పిల్లలకు, పనివారికి, బీదలకు పంచినారు. ఈస్టరు గ్రుడ్డు పుట్టుకలో ఉపవాసమునకు పెద్ద పాలు ఉన్నది. నోరు కట్టుకొని మిగిల్చినదే పండుగనాడు కానుక అయినది.

ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు 1290లో ఈస్టరుకు 450 గ్రుడ్లు 18 పెన్నీలకు కొనిపించి, రంగు వేయించి, తన ఇంటివారికి పంచినట్లు రాజగృహపు లెక్కలలో ఉన్నది. 1614లో వెలువడిన రోమను ఆరాధనక్రమ గ్రంథములో ఈస్టరు గ్రుడ్లను ఆశీర్వదించు ప్రార్థన చేరినది. పోలండు, ఉక్రెయిను దేశములలో నేటికిని కుటుంబములు గంపలో రొట్టె, ఉడికించిన గ్రుడ్లు, ఉప్పు, మాంసము పెట్టుకొని గుడికి తీసికొనిపోయి ఆశీర్వాదము పొంది, ఉపవాసము విడుచుటకు ఇంట వాటినే తిందురు. అది తిండి గంప. మిఠాయి గంప కాదు.

కుందేలు జర్మనుల నుండి వచ్చినది. ఈస్టరు కుందేలు గ్రుడ్లు పెట్టునని పిల్లలకు చెప్పు కథను గెయోర్గ్ ఫ్రాంక్ అను వైద్యుడు 1682లోనే వ్రాసి ఉన్నాడు. పద్దెనిమిదవ శతాబ్దములో పెన్సిల్వేనియాకు వలసపోయిన జర్మను కుటుంబములు ఆ కథను అమెరికాకు తీసికొనిపోయినవి. పిల్లలు తమ టోపీలలో గడ్డి పరచి గూళ్లు కట్టి ఉంచెడివారు. ఆ గూడే కాలక్రమమున బుట్ట అయినది. కుందేలునకు పునరుత్థాన సువార్తతో సంబంధము లేదు. దానిని విడిచినందువలన మన విశ్వాసమునకు లోటేమియు లేదు.

చక్కెర సంగతి

చాక్లెట్ గ్రుడ్డు చాల ఆలస్యముగా వచ్చినది. ఇంగ్లండులో బ్రిస్టలు పట్టణపు ఫ్రై కంపెనీ 1873లోను, బర్మింగ్‌హాము పట్టణపు క్యాడ్‌బరీ కంపెనీ 1875లోను చాక్లెట్ గ్రుడ్లను తయారుచేసినవి. 1874లో ఆ దేశములో చక్కెర మీద పన్ను ఎత్తివేసినారు, చక్కెర చౌకయైనది. రెండు వేల సంవత్సరముల సంఘ చరిత్రలో ఇంగ్లండు చాక్లెట్ గ్రుడ్డు వయస్సు సుమారు నూట యాభై సంవత్సరములు మాత్రమే.

అంతకు పూర్వము క్రైస్తవులు చక్కెరను మనస్సాక్షి నిమిత్తము మానిన చరిత్ర ఒకటి ఉన్నది. దానిని మన ఆదివారపు బడులలో తప్పక చెప్పవలెను. వెస్టిండీసు దీవులలో చెరకు తోటలు బానిసల చెమటతో సాగుచుండెను. 1791లో విలియం ఫాక్స్ అను ఆయన, ఆ చక్కెరను తినుట ఆ పాపములో పాలుపొందుటయే అని చిన్న పుస్తకము ప్రచురించెను. లక్షలాది ఇంగ్లీషు ప్రజలు బానిస చక్కెరను మానిరి. ఇంటి చక్కెర కొనునది స్త్రీలు గనుక ఈ ఉద్యమములో వారే ముందు నడిచిరి. బానిసల చేత చేయించినది కాదని మన దేశపు చక్కెరను గూర్చి వ్రాసిన గిన్నెలను తేబల్లల మీద ఉంచెడివారు. బ్రిటిషువారి బానిస వ్యాపారము 1807లో నిషేధింపబడినది; వారి వలస రాజ్యములలో బానిసత్వమును రద్దుచేయు చట్టము 1833లో వచ్చినది. ఇతరుల మేలు కొరకు తీపిని మానుట సంఘమునకు కొత్త కాదు.

మన సీమ

ఇంగ్లండులో చాక్లెట్ గ్రుడ్డు పుట్టిన ఆ సంవత్సరముల వెంటనే మన సీమలో ఏమి జరిగినది? 1876లో వానలు తప్పినవి. 1878 వరకు సాగిన ఆ కరువును దక్షిణ దేశము మరువజాలదు. అప్పటికి అనంతపురము ప్రత్యేక జిల్లా కాదు; 1882లో గదా బళ్లారి నుండి వేరుపడినది. కరువు పనులలో కూలికి వచ్చిన మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించినాడు. ఒక పౌను అనగా సుమారు 450 గ్రాములు. రాళ్లు కొట్టు మనిషికి ఆ కొలత. ఇక వాని బిడ్డలకు ఏమి మిగిలెనో మనము ఊహించుకొనవచ్చును.

అటువంటి నేలమీదనే మన సంఘములు వేరు పారినవి. లండన్ మిషను బళ్లారిలో 1810లోను, కడపలో 1822లోను, గుత్తిలో 1881లోను, అనంతపురములో 1890లోను పని ప్రారంభించినది.

ఈనాటికిని జిల్లా సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య వానలు తూర్పు తీరము దాటి ఇంత దూరము వచ్చుసరికి అలసిపోవును. కళ్యాణదుర్గము చుట్టు శెనక్కాయ పైరు వానను నమ్ముకొన్న పైరు. అది పోయిన ఏట తలిదండ్రులు బెంగళూరు బస్సెక్కుదురు. బిడ్డలు అవ్వతాతల వద్ద ఉందురు. ఈస్టరునాడు మన గుడిలో కూర్చున్న బిడ్డలలో ఇట్టివారెందరో కాపరులకు తెలియును. తల్లి ఊరిలో లేని బిడ్డ ఒట్టి చేతులతో నిలువకూడదు. గంపను గూర్చి మనము ఆలోచించవలసిన కారణము ఇదే.

గంప నింపు విధము

మేము అనుసరించుచున్న పద్ధతిని ఇతర సంఘముల ఉపయోగార్థము ఇక్కడ వ్రాయుచున్నాము. నలభైమంది బిడ్డలున్న సంఘమును లెక్కకు తీసికొందము.

మొదటి నియమము: గంపను ఇంటినుండి ఎవరును తేరాదు. ఇవ్వదలచిన డబ్బును, సరుకును లెంటు దినములలోనే సంఘపు పెట్టెలో వేయవలెను. గంపలన్నియు ఒకే తీరున నింపవలెను. కలిగిన ఇంటి బిడ్డకును లేని ఇంటి బిడ్డకును ఒకటే గంప.

రెండవది, గంప. ఈతాకు బుట్టలను ఎరుకలవారి వద్ద, వెదురు బుట్టలను మేదరుల వద్ద కొనవలెను. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టము పిమ్మట మన మద్రాసు రాష్ట్రమునకును విస్తరించి, ఎరుకలవారిని పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసినది. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయినది, కాని ముద్ర పూర్తిగా చెరగలేదు. వారి చేతిపనికి బేరమాడక న్యాయమైన వెల ఇచ్చుట కూడ పండుగ ఆచరణలో భాగమే. పండుగ తరువాత బుట్టలను తిరిగి తీసికొని గుడిలో భద్రపరచినచో అవి రెండు మూడు పండుగలకు వచ్చును.

మూడవది, తిండి. వేయించిన శెనక్కాయలు ఒక్కొక్కరికి నూరు గ్రాములు. నలభైమందికి నాలుగు కిలోలు. ఏ రైతు అయినను ఇవ్వగలడు. బొరుగులు, పుట్నాలు కలిపి ఒక దోసెడు. ఉడికించిన గ్రుడ్డు ఒకటి. ఒక అట్ట మీద పది గ్రుడ్లు చాలును. లూకా సువార్తలో గ్రుడ్డు అడిగిన కుమారునికి ఏ తండ్రియు తేలును ఇయ్యడని ప్రభువు చెప్పినది ఈ సందర్భమున బిడ్డలకు చెప్పవచ్చును. గ్రుడ్డు తినని ఇంటి బిడ్డకు అరటిపండు. మూడు నాలుగేండ్లలోపు పసివారికి శెనక్కాయ గింజ గొంతున అడ్డుపడు ప్రమాదమున్నది. వారికి శెనక్కాయలకు, పుట్నాలకు బదులుగా కూడ అరటిపండే ఇవ్వవలెను. బెల్లము కూడ తీపియే గనుక దానిని ఉగాదికి విడిచినాము.

గ్రుడ్లకు రంగు కొననక్కరలేదు. హోటలువారు పారవేయు ఉల్లిపొట్టును నీళ్లలో మరిగించి అందులో గ్రుడ్లు ఉడికించినచో ఎర్రమన్ను రంగు వచ్చును. పసుపు నీళ్లలో పచ్చరంగు వచ్చును. మన ఎండలకు ఉడికిన గ్రుడ్డు నిలువదు. తెల్లవారుజామున ఉడికించి, ఆరాధన కాగానే పంచి, అక్కడనే తినిపించవలెను. చాక్లెట్ అయితే ఈ ఎండకు గుడి చేరకముందే కరిగి కాగితమునకు అంటుకొనును.

నాలుగవది, ఆట. ఈస్టరు మార్చి 22కు ఏప్రిలు 25కు మధ్య వచ్చును. మన ఊళ్లలో చింతపండు కొట్టి గింజ తీయు కాలమది. చింతపిక్కలు కడిగి ఎండబెట్టి గుడ్డసంచిలో వేసి ఇచ్చినచో వామనగుంతలకు, సరి బేసి ఆటలకు పనికివచ్చును. పెద్ద బిడ్డలకు గచ్చకాయలు అయిదు. పైసా ఖర్చు లేదు. అవ్వలే ఆట నేర్పుదురు. తలిదండ్రులు దూరమున ఉన్న ఇంటిలో సాయంకాలము ఒక తోడు దొరకును. పసివారికి మాత్రము పిక్కలు ఇవ్వరాదు.

అయిదవది, ఒక పెన్సిలు, యౌవనులు చేతితో వ్రాసిన ఒక వచనపు అట్ట.

చివరిది, విత్తనములు. గుమ్మడి, బీర, చిక్కుడు గింజలు నాలుగేసి కాగితపు పొట్లములో. గోధుమ గింజ భూమిలో పడి చచ్చినచో విస్తారముగా ఫలించునని యోహాను సువార్త 12వ అధ్యాయములో ఉన్నది. పునరుత్థానమును గూర్చి బిడ్డలకు చెప్పుటకు ఇంతకంటె మంచి వస్తువు మాకు కనబడలేదు. అయితే మన సీమలో ఈస్టరునాడు విత్తినచో గింజ మాడిపోవును. జూనులో తొలివాన పడు వరకు దాచవలెను. కరువు సీమ బిడ్డకు దాచుట నేర్పుట, వాన కొరకు కనిపెట్టుట నేర్పుట, ఈ రెండును ఆ పొట్లములో ఉన్నవి.

ఉగాది పచ్చడి మన పొరుగిండ్లనుండి మన వాకిటికి వచ్చుచున్నది గనుక, ఆ ఇండ్ల బిడ్డల కొరకు కూడ నాలుగైదు గంపలు అధికముగా నింపుట న్యాయము.

ఇందులో మోయలేని ఖర్చు ఏదియు లేదు. కావలసినది ముందు చూపు. మట్టల ఆదివారమునకు రెండు వారముల ముందే స్త్రీల మైత్రివారు ఉల్లిపొట్టు, చింతపిక్కలు పోగుచేయ మొదలుపెట్టవలెను. బుట్టలవారికి అంతకు ముందే చెప్పి బయానా ఇవ్వవలెను. విత్తనములను ఈ ఏటి పాదులలో ముదిరిన కాయలనుండి ఇప్పుడే తీసి బూడిదలో కలిపి దాచవలెను. వచ్చే ఈస్టరు గంప ఈ ఏటి కాయలోనే ఉన్నది.