రంగం రేవుగట్టు: కోరంగి కూలీల జాడ

యాంగోన్ నగరానికి దక్షిణపు హద్దుగా, నదిని ఆనుకొని సాగే స్ట్రాండ్ రోడ్డును బర్మీయులు ‘కన్నార్ లాన్’ అంటారు. గట్టు వీధి అని ఆ మాటకు అర్థం. అయితే ఈ గట్టు వీధిలో చాలా దూరం నడిచినా నది కనిపించదు. రోడ్డుకూ నీటికీ మధ్య రేవు ప్రహరీలు, గిడ్డంగులు అడ్డు నిలుస్తాయి. దీనికి కారణం ఈ గట్టు పుట్టుకలోనే ఉంది. ఇది విహారం కోసం కాక ఎగుమతి కోసం కట్టిన గట్టు. ఇక్కడ ఓడలలోకి సరుకు ఎక్కించి దించిన వారిలో అత్యధికులు తెలుగువారు.

1755లో అలౌంగ్‌ఫయా రాజు ఈ ఊరికి యాంగోన్ అని పేరు పెట్టాడు. కలహం ముగిసినదని దాని భావం. 1852లో బ్రిటిష్‌వారు ఊరిని ఆక్రమించాక, డాక్టర్ మాంట్గొమరీ, లెఫ్టినెంట్ ఫ్రేజర్‌ల ఆలోచనల మేరకు సూలే పగోడాను కేంద్రంగా చేసుకుని గళ్ళ నమూనాలో కొత్త నగరం వెలిసింది. బురద నేలను మెరక చేసి నది ఒడ్డున స్ట్రాండ్ రోడ్డు వేశారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఐరావతి డెల్టా బియ్యానికి ఐరోపా విపణి దగ్గరైంది. రేవు పాలనకు ప్రత్యేక కమిషనర్లు ఏర్పడ్డారు, వరుసగా జెట్టీలు లేచాయి. 1901లో సార్కీస్ సోదరుల స్ట్రాండ్ హోటల్, ఆ తరువాతి దశాబ్దాలలో కస్టమ్స్ హౌస్, రేవు కార్యాలయం వచ్చాయి. నేడు పర్యాటకులు ఫోటోలు తీసుకునేది ఈ భవనాలనే.

బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అనేవారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఒకప్పుడు నౌకానిర్మాణానికి పేరుపొందిన రేవు. 1839 నాటి తుపాను దానిని ధ్వంసం చేసింది. రేవు క్షీణించినా, దాని పేరు సముద్రం దాటి ఒక జనసమూహానికి స్థిరపడిపోయింది. తెలుగు పల్లెలకు మాత్రం రంగూన్ ‘రంగం’. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమర్లు కూలీలను తీసుకుపోయేవి. మేస్త్రీ బయానా ఇచ్చి మనుషులను సమకూర్చేవాడు. రేవులో కూలి కంపెనీ నుంచి కాంట్రాక్టరుకు, అతడి నుంచి మేస్త్రీకి, చివరికి కూలీకి చేరేది. ప్రతి మెట్టు దగ్గరా కొంత తరిగేది. 1931 జనగణన నాటికి నగర జనాభా సుమారు 4 లక్షలు కాగా, అందులో సగానికి మించి భారతీయులే. ఇరుకు గదుల్లో వంతులవారీగా నిద్రించే కూలీలు ఆ సంఖ్యలో పెద్ద భాగం.

ఈ గట్టు చరిత్రలో అతి విషాద ఘట్టం 1930 మే నెలది. కూలి పెంచాలని కోరంగి కూలీలు సమ్మె చేశారు. ఓడలు ఆగకుండా స్టీవెడోర్ కంపెనీలు బర్మీయులను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారమయ్యాక మే 26న పాతవారు తిరిగి పనిలోకి రాగా, ఆ ఉదయం పనికి వచ్చిన బర్మీయులకు అక్కడ పని లేదు. మాటలు ఘర్షణగా, ఘర్షణ ఊచకోతగా మారింది. అధికారిక లెక్క ప్రకారమే సుమారు 120 మంది మరణించారు. మృతుల్లో అత్యధికులు భారతీయులు. దీనిని కేవలం జాతివైరంగా చూస్తే అసలు సంగతి మరుగునపడుతుంది. ధాన్యం ధరలు పడిపోయి, భూమి అప్పులవాళ్ళ పాలై నగరం చేరిన బర్మీయ రైతు ఒకవైపు. బయానా తీర్చుకోవడానికి వచ్చిన గోదావరి కూలీ మరొకవైపు. ఇద్దరినీ ఒకే జెట్టీ మీద పోటీకి నిలిపి తక్కువ కూలికి పని చేయించుకున్న ఏర్పాటుకు మాత్రం గాయం కాలేదు. ఆ తరువాత రేవు పనిని ఉభయులకూ పంచవలసి వచ్చింది.

1941 డిసెంబరు 23న జపాను బాంబులు నగరం మీద పడ్డాయి. కూలీలు పారిపోవడంతో రేవు స్తంభించింది. ఓడ టికెట్టు దొరకనివారు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా కాలినడకన బయలుదేరారు. దారిలో వేలమంది చనిపోయారు. యుద్ధానంతరం మిగిలినవారిలో చాలామందిని 1960లలో నె విన్ ప్రభుత్వ జాతీయీకరణ వెళ్ళగొట్టింది. విశాఖలోని బర్మా క్యాంపు పేరు నేటికీ ఆ రాకకు సాక్ష్యం.

2012లో స్థాపితమైన యాంగోన్ హెరిటేజ్ ట్రస్టు, చారిత్రక భవనాలకు నీలి ఫలకాలు అమర్చడంతోపాటు నదీతీరాన్ని ప్రజలకు తెరవాలని వాదించింది. గోడలు తొలగి ఆ గట్టు నడకదారి అయితే మంచిదే. అయితే ఫలకం గోడకు అమరుతుంది. గోడలేవీ కట్టుకోని కూలీకి అది ఎక్కడ అమరాలి? వారు రాసిన డైరీలు మనకు అందలేదు. అధికారుల నివేదికలు వారిని గుంపుగానే లెక్కించాయి. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కుటుంబాలలో ‘రంగం వెళ్ళిన తాత’ గురించి మిగిలిన జ్ఞాపకాలు, ఓడ టికెట్లు, ఉత్తరాలు ఇంకా ఎవరూ పూర్తిగా సేకరించని చరిత్ర. దూరదేశాలలో ఉద్యోగాలు చేస్తున్న నేటి తెలుగువారి వలసకు ఇది తొలి అధ్యాయాలలో ఒకటి. దానిని గుర్తుపెట్టుకున్న చివరి తరం వెళ్ళిపోకముందే ఆ సేకరణ జరగాలి.