రాజు భార్య రాణి, మరి రాణి భర్త?

రాజును పెళ్లాడిన స్త్రీకి బిరుదు వెతుక్కోవాల్సిన పని ఎప్పుడూ రాలేదు. దేవి, మహాదేవి, పట్టమహిషి, రాణి, బేగం అంటూ ఏ వంశం ఏలినా ఆమెకో పేరు సిద్ధంగా ఉండేది. సింహాసనం మీద స్త్రీయే కూర్చుంటే ఆమె భర్తను ఏమనాలో మాత్రం రాజ్యాలు ముందుగా తేల్చుకోలేదు. ఐరోపాను శతాబ్దాల పాటు వేధించిన ఈ చిక్కు తెలుగునేలకు 13వ శతాబ్దంలోనే ఎదురైంది. రుద్రమదేవి మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం తేదీ 1289 నవంబరు 27. ఏటా ఆ తేదీ వచ్చిందంటే రుద్రమను తలుచుకుంటాం. ఆమె భర్త చాళుక్య వీరభద్రుడిని తలిచేవారు అరుదు. ఏలేవారి పక్కన ఉండి తాము ఏలనివారి చరిత్ర రాస్తే, అందులో ఆయనకు దక్కాల్సిన చోటు చిన్నదేమీ కాదు.

ఈ చరిత్ర గోదావరి ఒడ్డునే మొదలవుతుంది. బాసర మీదుగా నిర్మల్ జిల్లా దక్షిణపు అంచు పట్టి పారే గోదావరి దిగువన జగిత్యాల జిల్లా కోటిలింగాలను తాకుతుంది. శాతవాహన వంశపు తొలి నాణేలు దొరికిన చోటు అది. ఆ వంశంలో మొదటి శాతకర్ణి భార్య నాగానిక. మహారథి ఇంటి ఆడపడుచు. నానేఘాట్ కనుమలోని శాసనం ఆ దంపతులు చేసిన అశ్వమేధాలను, రాజసూయాన్ని, ఇచ్చిన దానాలను వరుసగా చెబుతుంది. భర్త పేరుతో పాటు ఆమె పేరూ ఉన్న వెండి నాణెం కూడా దొరికింది. నాణెం మీద రాణి పేరు ఉందంటే ఆమె హోదా అంతఃపురం గడప దాటిందనే అర్థం. తర్వాతి కాలపు గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహ శాసనంలో మహారాజు తల్లిగా, మహారాజు నాయనమ్మగా కనిపిస్తుంది. భర్త కన్నా కొడుకూ మనవడే అక్కడ ఆమె గౌరవానికి ఆధారం.

నాగార్జునకొండ ఇక్ష్వాకుల నాటికి పద్ధతి ఇంకాస్త స్పష్టపడింది. వీరపురుషదత్తుడి రాణుల్లో ఒకరైన రుద్రధర భట్టారిక ఉజ్జయిని మహారాజు కూతురు, బిరుదు మహాదేవి. మహాచైత్యానికి దానాలిచ్చిన చాంతిసిరి స్వయంగా రాజు చాంతమూలుడి తోబుట్టువు. అయినా ఆమె హోదా మహాతలవరి. అంటే మహాతలవరుడి భార్య. రాజు ఇంట పుట్టిన స్త్రీకి సైతం మెట్టినింటి పదవే గుర్తింపు అయింది. ఆ తర్వాతి శతాబ్దాల్లో శాసనాలు రాణులను దానాల దగ్గర, పొత్తుల దగ్గర తప్ప పెద్దగా పలకరించవు. రాజరాజ నరేంద్రుడి రాణి అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు. వేంగికీ తంజావూరుకీ నడుమ బంధం ఆమెతో మరింత గట్టిపడింది.

లెక్క తిరగబడింది ఓరుగల్లులో. కాకతీయ గణపతిదేవుడు కృష్ణా తీరపు అయ్య వంశానికి చెందిన నారమ, పేరమలను పెళ్లాడాడు. వాళ్ల అన్నదమ్ముడే ‘నృత్తరత్నావళి’ రాసిన జాయపసేనాని. గణపతిదేవుడికి రుద్రమ, గణపాంబ అని ఇద్దరు కూతుళ్లు. రాజ్యానికి మగ వారసుడు లేడు. ఈ అక్కచెల్లెళ్ల జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే దాంపత్యానికీ సింహాసనానికీ ఉన్న రెండు రకాల లంకె తేటగా కనబడుతుంది.

గణపాంబ ధరణికోటను ఏలిన కోట వంశపు బేతరాజుకు భార్య అయింది. భర్త పోయాక ఆ సీమను తానే పాలించింది. గుంటూరు దగ్గరి యనమదల శాసనం ప్రకారం ఆమె భర్త పుణ్యం కోసం ఆయన పేరిట బేతేశ్వరాలయాన్ని, తండ్రి పేరిట గణపేశ్వరాలయాన్ని నిలిపింది. ఆమె అధికారం భర్త వల్ల వచ్చింది. ఆ గుర్తింపును దాచుకోకుండా రాతిలో చెక్కించింది.

రుద్రమ దారి వేరు. తండ్రి ఆమెను కొడుకుగా భావించి, రుద్రదేవ మహారాజు అనే పురుషనామంతో పాలనలో కూర్చోబెట్టాడు. కొడుకులు లేని తండ్రి కూతురినే వారసురాలిగా నిలిపి, ఆమె సంతతిని తన వంశంగా లెక్కించే ఆచారం ధర్మశాస్త్రాల్లో ఉంది. ఈ ఏర్పాటులో అల్లుడి హోదా మారిపోతుంది. అత్తవారింటి ఆస్తికి గానీ రాజ్యానికి గానీ ఆయన యజమాని కాడు. పుట్టిన పిల్లలు మామగారి గోత్రం నిలబెడతారు.

అలా అల్లుడైనవాడే వీరభద్రుడు. నిడదవోలు కేంద్రంగా ఏలిన తూర్పు చాళుక్య శాఖలో ఇందుశేఖరుడి కొడుకు. ఆ వంశం వేంగి చాళుక్యుల పేరు మోసింది కాబట్టి పుట్టుకలో ఆయనకు తక్కువేమీ లేదు. గోదావరి డెల్టాలో అండ కావాల్సిన కాకతీయులకు ఈ వియ్యం రాజకీయంగా కలిసొచ్చింది. అయినా ఓరుగల్లు సింహాసనం తరఫున ఆయన పేరిట ఆజ్ఞలు లేవు. కాకతీయ రాజుగా ఆయనను ఎవరూ లెక్కించలేదు. రాజ్యం రుద్రమది, శాసనం రుద్రమది, యుద్ధం రుద్రమది. 1261 నాటి మల్కాపురం శాసనం చూస్తే గోళకీ మఠానికి తండ్రి సంకల్పించిన దానాన్ని ఆమె పూర్తిచేసింది. నేటి అమరావతి ప్రాంతంలోని మందడం, వెలగపూడి గ్రామాలు అందులోవి. ఆ ఆదాయంతో నడిచినవాటిలో వైద్యశాలతో పాటు ప్రసూతిశాల కూడా ఉండడం చదివితే మనసు నిండుతుంది.

దేవగిరి యాదవులను తిప్పికొట్టి, తండ్రి ధరించిన రాయగజకేసరి బిరుదును తానూ ధరించింది. ఓరుగల్లు కోటలో స్వయంభూ దేవాలయానికి ఆమె కట్టించిన రంగమండపపు శిల్పాన్ని దగ్గర నుంచి చూడాలి. సింహం మీద ఒక స్త్రీ కూర్చుని ఉంటుంది. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో డాలు. ఆ పక్కన ఏనుగు తొండంతో తామరపువ్వు పట్టుకుని ఉంటుంది. శత్రురాజులనే ఏనుగులకు సింహం లాంటిదని చెప్పే బిరుదుకు అది రాతిలో రూపం. శాసనాల్లో పురుషనామం వాడినా, ఈ శిల్పంలో ఆమె స్త్రీగానే ఉంది. పక్కన భర్త లేడు, అవసరమూ లేదు.

ఈ ఏర్పాటు ఎంత అరుదైనదో మార్కోపోలో మాటల్లో తెలుస్తుంది. 13వ శతాబ్దం చివర కోరమాండల్ తీరం వైపు వచ్చిన ఈ వెనిస్ వర్తకుడు మోటుపల్లిని ‘ముత్‌ఫిలి’ అన్నాడు. ఆ రాజ్యపు వజ్రాలను, సాలెగూడంత సన్నని బట్టలను మెచ్చుకుంటూ, న్యాయాన్నీ శాంతినీ ప్రేమించే రాణి పాలన గురించీ చెప్పాడు. అయితే ఆమెను చనిపోయిన రాజుగారి విధవరాలిగా రాశాడు. గణపతిదేవుడు తండ్రి అన్న సంగతి ఆయన దాకా వెళ్లలేదు. కూతురికి తండ్రి నేరుగా రాజ్యం ఇస్తాడన్నది ఆ ప్రయాణికుడి ఊహకు అందలేదు. తెలుగువాళ్లకు అది ఊహ కాదు, మూడు దశాబ్దాల రోజువారీ పాలన. రుద్రమ తన కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడిని దత్తత తీసుకుని వారసుణ్ని చేసింది. రెండు తరాల అల్లుళ్లు కాకతీయ సింహాసనాన్ని పక్క నుంచి చూశారు తప్ప ఎక్కలేదు. ఏ బిరుదూ లేకుండా వీరభద్రుడు నిలిపిన మర్యాద రుద్రమ కీర్తిలో భాగం. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాలో రానా పోషించిన పాత్రగానే ఆయన ఈ తరానికి తెలియడం బాధ కలిగించే విషయం.

ఉత్తరాన అడవుల్లో గోండు రాజుల చరిత్రలో రాణి మాటకు వేరే రకమైన బలం ఉంది. ఇప్పటి కుమురం భీం జిల్లాలోని సిర్పూర్ చాందా గోండుల తొలి రాజధాని అని అక్కడి కథనం. ఒళ్లంతా కురుపులతో బాధపడే ఖాండ్క్యా బల్లాల్‌షా, భార్య సలహా మీద వార్ధా ఒడ్డుకు, నేటి బల్లార్షాకు మకాం మార్చాడంటారు. ఒకనాడు వేటలో ఝర్పట్ నది నీళ్లతో కడుక్కుంటే కురుపులు మానాయట. కుందేలు కుక్కను తరిమిన వింతను రాజు ఇంటికొచ్చి చెబితే, అక్కడ కోట కట్టమని చెప్పిందీ రాణియేనట. చంద్రపూర్ పుట్టుక గురించి గోండులు చెప్పుకునే కథ ఇది.

అదే వంశంలో 18వ శతాబ్దం మొదట్లో హిరాయి రాణి కనబడుతుంది. భర్త బీర్‌షా హత్యకు గురయ్యాక ఆమె రామ్‌షాను దత్తత తీసుకుని, అతడు పెద్దయ్యేదాకా రాజ్యభారం మోసింది. చంద్రపూర్‌లో అచలేశ్వరాలయం పక్కన భర్తకు కట్టించిన సమాధి నేటికీ ఉంది. చైత్రంలో మహాకాళి జాతరకు ఆదిలాబాద్ వైపు నుంచి వెళ్లే భక్తులు చూసే ఆలయమూ ఆమె కట్టించినదే. ఆదిలాబాద్ గోండుల్లో పెళ్లితోనే హోదా రాదన్న భావన ఇప్పటికీ సజీవం. పుష్య అమావాస్యకు కెస్లాపూర్ నాగోబా సన్నిధిలో మెస్రం వంశపు కొత్త కోడళ్లు తెల్లచీరలు కట్టి, పెద్దల వెంట వచ్చి ‘బేటింగ్’ అనే పరిచయ వేడుక జరిపించుకుంటారు. అది అయ్యాకే కోడలు వంశంలో పూర్తి మనిషి.

గోల్కొండలో హయాత్ బక్షీ బేగం ఒక రాజుకు కూతురు, ఇంకో రాజుకు భార్య, మరో రాజుకు తల్లి. తండ్రి మహమ్మద్ కులీకి మగబిడ్డ లేకపోవడంతో ఆమె భర్త సుల్తాన్ మహమ్మద్ రాజయ్యాడు. ఓరుగల్లులో జరిగినదానికి ఇది పూర్తిగా విరుద్ధం. అయినా కొడుకు అబ్దుల్లా కాలంలో, 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి మాటలకు వెళ్లింది ఆమే. హయత్‌నగర్ ఆమె పేరే.

అసఫ్‌జాహీల జనానాలో ఏడో నిజాం మొదటి భార్యను దుల్హన్ పాషా అనేవారు. పరదా దాటని హోదా అది. ఆ పరదాను పక్కకు జరిపింది కోడలు దుర్రుషెహ్వార్. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురైన ఆమె 1931 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్‌లో యువరాజు ఆజం జాను పెళ్లాడింది. అదే వేడుకలో ఆమె బంధువు నిలోఫర్ రెండో యువరాజు మొఅజ్జం జాకు భార్య అయింది. 1936లో బ్రిటిష్‌వారితో బీరార్ ఒప్పందం కుదిరాక ఆజం జా ‘ప్రిన్స్ ఆఫ్ బీరార్’, ఆమె ‘ప్రిన్సెస్ ఆఫ్ బీరార్’ అయ్యారు. బీరార్ పాలన మాత్రం బ్రిటిష్‌వారి చేతిలోనే ఉంది. పేరుకే ఉన్న ఆ బిరుదు ఎప్పుడో పోయింది. పాతబస్తీ పురానీ హవేలీలో ఆమె పేరిట ఉన్న ఆసుపత్రి, రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రి మిగిలాయి. తన దగ్గర పనిచేసే మనిషి కాన్పులో చనిపోవడంతో నిలోఫర్ మనసు కలత చెందింది, ఆ దుఃఖం నుంచే ఆ ఆసుపత్రి పుట్టింది. మల్కాపురం ప్రసూతిశాల నుంచి నిలోఫర్ దాకా చూస్తే మన రాణులను జనం గుర్తుంచుకున్నది ఇలాంటి పనులతోనే.

1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలు, బిరుదుల గుర్తింపు రద్దయ్యాయి. దాంతో మన దగ్గర రాణుల వరుస ముగిసింది. రాజులు మిగిలిన దేశాల్లో మాత్రం పాత చిక్కు అలాగే ఉంది. ఇంగ్లండులో 1554లో మొదటి మేరీని పెళ్లాడిన స్పెయిన్ ఫిలిప్‌కు చట్టం చేసి రాజు బిరుదు ఇచ్చారు. 1689లో విలియం, మేరీ జంటగా ఏలారు. ఆనీ రాణి భర్త జార్జికి రాజు హోదా దక్కలేదు. 1840లో విక్టోరియాను పెళ్లాడిన ఆల్బర్ట్‌కు ‘ప్రిన్స్ కన్సార్ట్’ బిరుదు రావడానికి 1857 దాకా పట్టింది. ఎలిజబెత్ భర్త ఫిలిప్‌కు రాణి 1957లో యువరాజు హోదా ఇచ్చింది. 2022లో చార్లెస్ రాజు కాగానే కెమిల్లా రాణి అయింది. డెన్మార్క్ రాణి భర్త హెన్రిక్, రాజు బిరుదు ఇవ్వలేదన్న బాధతో భార్య పక్కన సమాధి వద్దని 2017లో ప్రకటించాడు.

మన దగ్గర ప్రశ్న పంచాయతీ గడప మీదికి వచ్చింది. తెలంగాణ స్థానిక సంస్థల్లో సగం పదవులు మహిళలవి. కుర్చీ ఆమెది, బిల్లు మీద సంతకం ఆమెది, గ్రామసభలో మాట మాత్రం భర్తది అయిన ఊళ్లు నేటికీ ఉన్నాయి. ‘సర్పంచ్ పతి’ అన్న పేరు ఏ చట్టంలోనూ లేదు, పెత్తనం మాత్రం ఉంది. దేశమంతటా ఇదే తీరు ఉండటంతో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో దీనిపై ఒక కమిటీనే వేసింది. బిరుదు లేని వీరభద్రుడు రాజ్యం పేరిట ఆజ్ఞలు ఇవ్వలేదు. హోదా లేని సర్పంచ్ భర్త ఊరి పేరిట ఆజ్ఞలు ఇస్తున్నాడు. ఏడున్నర శతాబ్దాల కిందట ఓరుగల్లు తేల్చిన సంగతి ఇది: పదవి ఎవరి పేరిట ఉందో మాట కూడా వారిదే చెల్లాలి. జీవిత భాగస్వామికి గౌరవం ఇవ్వడానికి బిరుదు సరిపోతుంది, లేకపోయినా నష్టం లేదు. అధికారం మాత్రం ఇద్దరి మధ్య చేతులు మారే వస్తువు కాదు.