బల్ల దగ్గరకు రాని ఏడుగురు



ప్రభురాత్రి భోజనము గురించి మనము చాలా ప్రసంగములు విన్నాము. అయితే బల్ల సిద్ధముగా ఉన్నప్పుడు, ముందు నుండి పిలుపు వినబడినప్పుడు, "నేను రాను" అని కూర్చుండిపోయిన దైవజనుల గురించి ఎప్పుడైనా ఆలోచించారా? వారు సామాన్య విశ్వాసులు కాదు, ఆర్చిబిషప్పులు. ఈ దినము వారి చరిత్రను మీతో పంచుకోవాలని ఆశిస్తున్నాను. దయచేసి చివరి వరకు నాతో ఉండండి.

2007 ఫిబ్రవరిలో, తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశములో, దారెస్సలాము నగరము దగ్గర, లోకమంతటా ఉన్న ఆంగ్లికన్ సంఘముల ప్రధానాధ్యక్షులు కూడుకున్నారు. కాంటర్బరీ ఆర్చిబిషప్పు రోవన్ విలియమ్స్ గారు ఆ కూడికకు పెద్ద. అమెరికా ఎపిస్కోపల్ సంఘము తరఫున కేథరిన్ జెఫర్ట్స్ షోరి గారు వచ్చారు. ప్రధానాధ్యక్షుల వరుసలో కూర్చున్న మొదటి స్త్రీ ఆమె. సంస్కార ఆరాధన జరిగినప్పుడు నైజీరియా ఆర్చిబిషప్పు పీటర్ అకినోలా గారు, ఆయనతో మరి ఆరుగురు అధ్యక్షులు ఆమెతో కలిసి రొట్టె, పాత్ర తీసికొనలేదు. తాము సంస్కారమును తేలికగా చూడడము లేదనీ, సంఘము ఎంతగా విరిగిపోయిందో తమ చర్య బాధతో గుర్తు చేస్తున్నదనీ వారు ప్రకటించారు.

ఇంత దూరము ఎందుకు వచ్చింది? 2003 నవంబరు 2న అమెరికాలో న్యూ హాంప్‌షైర్ డయాసిసుకు జీన్ రాబిన్సన్ గారిని బిషప్పుగా అభిషేకించారు. ఆయన మరొక పురుషునితో బహిరంగముగా జీవితము పంచుకుంటున్నవాడు. ఇది లేఖనమునకు విరుద్ధమని ఆఫ్రికా, ఆసియా సంఘములు అనేకము ఎదురు నిలిచాయి. మా మనస్సాక్షి ప్రకారము, న్యాయము ప్రకారము చేశామని అమెరికా సంఘములోని అనేకులు అన్నారు. 2004లో వచ్చిన విండ్సర్ నివేదిక ఇరుపక్షములనూ ఆగమని కోరింది. 2005లో ఉత్తర ఐర్లాండులోని డ్రొమాంటిన్‌లో కూడినప్పుడు కూడా కొందరు అధ్యక్షులు కలిసి సంస్కారము తీసికొనలేదు. వాదన వేదిక మీద మొదలై చివరికి ప్రభువు బల్ల దగ్గరకు వచ్చింది.

వివాహము గురించి లేఖనము ఏమి చెప్పుచున్నదో అది వేరొక దినమున మాటలాడుకొనవలసిన సంగతి. ఈ దినము నా అంశము బల్ల.

దారెస్సలాములో అది జరిగిన కొద్ది దినములకే, ఫిబ్రవరి 18 ఆదివారమున, అధ్యక్షులను సముద్రము దాటించి జాంజిబారు ద్వీపములోని కెథీడ్రలుకు తీసికొని వెళ్లారు. బ్రిటిషు పార్లమెంటు 1807లో బానిసల వ్యాపారమును నిషేధించి అప్పటికి రెండువందల ఏండ్లు. ఆ కెథీడ్రలు కట్టబడింది పాత బానిసల సంత స్థలములోనే. 1873లో ఆ సంత మూయబడిన తరువాత అక్కడ దేవాలయము లేచింది. బానిసలను కట్టి కొరడాలతో కొట్టిన స్తంభము ఉన్న చోటనే నేడు బలిపీఠము ఉన్నదని అక్కడివారు చెప్తారు. ఆ దినమున రోవన్ విలియమ్స్ గారు ప్రసంగిస్తూ, ఒకప్పుడు బానిసల ఓడ నడిపి తరువాత దైవసేవకుడైన జాన్ న్యూటన్ గారిని గుర్తు చేశారు. నేను గొప్ప పాపిని, క్రీస్తు గొప్ప రక్షకుడు అన్న ఆయన సాక్ష్యమే ఒక బిషప్పు మరొక బిషప్పుతో చెప్పవలసిన మాట అని బోధించారు.

ఈ జాంజిబారుకు మరొక సంబంధము ఉన్నది. దాదాపు నూరేండ్ల క్రిందట అక్కడ బిషప్పుగా ఉన్నవారు ఫ్రాంక్ వెస్టన్ గారు. 1913లో కెన్యాలోని కికుయు అనే చోట ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, మెథడిస్టు మొదలైన మిషనులవారు ఐక్యత కొరకు కూడుకున్నారు. చివర మొంబాసా ఆంగ్లికన్ బిషప్పు విలియం పీల్ గారు స్కాచ్ మిషను దేవాలయములో సంస్కారము ఆచరించగా, ఇతర మిషనులవారు కూడా ఆయన చేతినుండి తీసికొన్నారు. బిషప్పు చేతులుంచి స్థిరీకరించని వారికి సంస్కారమా అని వెస్టన్ గారు మండిపడ్డారు. పీల్ గారి మీద, ఉగాండా బిషప్పు విల్లిస్ గారి మీద దుర్బోధ నేరము మోపి విచారించాలని పట్టుబట్టారు. ఆర్చిబిషప్పు డేవిడ్సన్ గారు 1915లో ఇచ్చిన జవాబు ఎటూ పూర్తిగా తేల్చలేదు. ఆ కికుయు ఆరాధన దేవునికి ఎంతో ఇష్టమైనదే గాని మరల ఎన్నడూ చేయరాదని తీర్పు వచ్చిందంటూ ఆనాడు జనము నవ్వుకున్నారు.

వెస్టన్ గారు కఠినుడు, ప్రేమ లేనివాడు అనుకుంటున్నారా? ఆఫ్రికావారి చేత బలవంతపు చాకిరి చేయించే తన దేశ ప్రభుత్వమును ఆయన 1920లో పుస్తకము వ్రాసి ఖండించారు. మురికివాడలోని బీదవానియందు క్రీస్తును చూడనివాడు బలిపీఠము దగ్గర ఆయనను పూజిస్తున్నానని చెప్పుకోరాదని 1923లో లండనులో ఆయన చేసిన ప్రసంగము నేటికీ తలచుకుంటారు. కాబట్టి బల్ల దగ్గరకు రాను అన్న ప్రతివానినీ గర్విష్ఠి అని తీర్పు తీర్చకూడదు.

ఇది ఎక్కడో ఆఫ్రికా సంగతి, మనకెందుకు అనకండి. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన మన అజరయ్య గారు, మిషను దేశములలో సంఘ విభజనలు పాపము, ఆటంకము అని 1927లో లోసాన్ మహాసభలో నిర్మొహమాటముగా చెప్పారు. 1919లో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడి ఐక్యత ప్రయత్నమును మొదలుపెట్టినప్పుడు అందులో ఆయన ముఖ్యులు. ఫలము చూడకుండానే 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము పుట్టింది. అప్పుడేమైంది? బిషప్పు చేత అభిషేకము పొందని పాస్టర్లను అలాగే చేర్చుకున్నారని ఇంగ్లండులో అనేకులు అభ్యంతరపడ్డారు. 1948 లాంబెత్ సభ ఈ క్రొత్త సంఘముతో సంపూర్ణ సహవాసమునకు ఒప్పుకొనలేదు. మన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘములు అనేకము కూడా అప్పుడు ఐక్యతలో చేరలేదు. వారు చేరింది 1970ల దశకములో. వారు వచ్చిన దినమున బల్ల అక్కడే ఉన్నది.

మరి లేఖనము ఏమంటుంది? రెండు మాటలు చూడండి. మొదటి కొరింథీయులు 5:11లో, సహోదరుడనబడుతూ పాపములో కొనసాగేవానితో భోజనము చేయవద్దని పౌలు ఆజ్ఞాపించాడు. గలతీయులు 2:11-14లో, అన్యజనులతో భోజనము చేయక వెనుదీసిన పేతురును అదే పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు. ఒక చోట నిరాకరణ విధేయత అయింది, మరొక చోట వేషధారణ అయింది. పేతురు వెనుదీసినది సత్యము కొరకు కాదు, మనుష్యులకు భయపడి. అలాగే మొదటి కొరింథీయులు 11:28లో బల్లకు వచ్చేవాడు తన్ను తాను పరీక్షించుకొనవలెనని ఉన్నది గాని, ప్రక్కవానిని పరీక్షించవలెనని లేదు.

ఆ ఆంగ్లికన్ గాయము ఇంకా మానలేదు. 2008 లాంబెత్ సభకు రెండువందలకు పైగా బిషప్పులు రాలేదు. 2022 సభకు నైజీరియా, ఉగాండా, రువాండా సంఘములు దూరముగా ఉన్నాయి. వచ్చినవారిలో కొందరు బిషప్పులు ఆరాధనకు హాజరై కూడా సంస్కారము తీసికొనలేదు. అయితే వారు లేచి వెళ్లిపోలేదు, అదే చోట కూర్చుని ప్రార్థించారు. అది నాకు చిన్న సంగతిగా కనబడలేదు.

నా సేవలో ఒక పెద్దాయన మూడేండ్లు సంస్కారమునకు ముందుకు రాలేదు. అడిగితే, "ఆ వరుసలో మా తమ్ముడున్నాడు అయ్యగారూ" అన్నాడు. పొలము గట్టు తగవు. దానికి ఆయన పెట్టుకున్న పేరు సత్యము కొరకు నిలబడటము. ప్రియ చదువరీ, మీరు కూడా ఎవరితోనైనా బల్ల పంచుకొనలేకపోతున్నారా? అయితే మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను నిరాకరించేది ప్రభువు కొరకా, నా పరువు కొరకా? ఆ సహోదరుని కొరకు ఈ వారము ప్రార్థన చేశానా? అతడు తిరిగి వస్తే సంతోషిస్తానా? ఈ మూడింటికీ కన్నీటితో జవాబు చెప్పగలిగితే మీ నిరాకరణ దేవునికి తెలుసు. చెప్పలేకపోతే వచ్చే ఆదివారమునకు ముందే ఆ గడప త్రొక్కండి.

ప్రార్థన చేద్దాము. ప్రభువా, ఈ బల్ల మాది కాదు, నీది. సత్యమును విడువని హృదయమును, సహోదరుని విడువని హృదయమును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.